ఆంగస్ మెక్‌మిలన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: స్కై దీవి నుంచి గిప్స్‌లాండ్ దాకా

మేం ఉండేది మెల్‌బోర్న్‌కి తూర్పు వైపు. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఓ శనివారం కారెక్కించి లేక్స్ ఎంట్రన్స్ తీసుకెళ్లడం మాకు అలవాటు. ఆ దారిలో అక్కడక్కడా రాళ్లు పేర్చి కట్టిన చిన్న స్తూపాలు కనిపిస్తాయి, వాటి మీద ఆంగస్ మెక్‌మిలన్ అని ఒక పేరు ఉంటుంది. "ఎవరీయన?" దగ్గర మొదలై లేక్స్ ఎంట్రన్స్ చేరేలోపు ఇరవై ప్రశ్నలు వస్తాయి. తర్వాత ఫొటోలు పెడితే వాట్సాప్ గ్రూపులో మళ్లీ అవే. ఎన్నిసార్లు చెప్పినా ఎవరో ఒకరికి సగమే గుర్తుంటోంది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## ఊరు వదిలే దాకా

అసలు ఎవరీ మెక్‌మిలన్? రెండు ముక్కల్లో చెప్పండి.

స్కాట్లండ్‌కి పడమటి సముద్రంలో స్కై అనే దీవి ఉంది. అక్కడి గ్లెన్‌బ్రిటిల్‌లో 1810 ఆగస్టు 14న పుట్టాడు. 1838లో సిడ్నీలో దిగాడు. ఇప్పటి విక్టోరియా రాష్ట్రంలో తూర్పు భాగమైన గిప్స్‌లాండ్‌లోకి కొండలు దాటి పశువులు తోలుకుపోవడానికి దారి వేసిన మొదటి తెల్లవాళ్లలో ఒకడు, ఏవన్ నది పక్కన బుషీ పార్క్ అనే పశువుల స్టేషన్ (మందలు మేపుకునే పెద్ద స్థావరం) పెట్టాడు, ఎమ్మెల్యే అయ్యాడు, అప్పుల పాలయ్యాడు, 1865లో చనిపోయాడు. వందేళ్లకు పైగా "మార్గదర్శకుడు" అని పొగిడారు. ఇప్పుడు అదే పేరు ఆ ప్రాంతపు ఆదివాసుల ఊచకోతలతో కలిపి వినిపిస్తోంది. రెండూ ఒకే మనిషి గురించే.

స్కాట్లండ్ వాళ్లంతా భూముల నుంచి గెంటేస్తే వచ్చినవాళ్లే అంటారు కదా, ఇతనూ అంతేనా?

చాలామంది విషయంలో అది నిజమే. ఉత్తర స్కాట్లండ్ కొండ ప్రాంతాల్లో భూస్వాములు కౌలు రైతుల్ని ఖాళీ చేయించి గొర్రెల్ని పెట్టారు, ఎందుకంటే మనిషి కట్టే కౌలు కంటే గొర్రె ఉన్ని ఎక్కువ డబ్బు తెచ్చేది. దీవుల్లో జనం సముద్రపు నాచు కాల్చి ఆ బూడిద అమ్ముకుని బతికేవాళ్లు, 1815లో నెపోలియన్ యుద్ధాలు అయిపోయాక దాని ధర కూడా పడిపోయింది. దానికి తోడు 1836–37లో పంటలు పోయి కరువు. 1837లో విలియం నికోల్ అనే ఓడ స్కై దీవి నుంచే జనాన్ని ఎక్కించుకుని నేరుగా సిడ్నీకి బయల్దేరింది.

కానీ మెక్‌మిలన్‌ని ఆ గుంపులో కలిపేయకండి. అతని చేతిలో సిఫారసు ఉత్తరాలున్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో అప్పటికే పెద్ద పశువుల ఆసామిగా ఉన్న కెప్టెన్ లాక్లన్ మెకాలిస్టర్‌కి చూపించగానే మేనేజర్ ఉద్యోగం దొరికింది. పైగా మెకాలిస్టర్ కూడా అదే కొండల వాడు. మనలో మొదట అమెరికా వెళ్లినాయన తన ఊరి కుర్రాడికి గది చూసిపెట్టి ఉద్యోగం ఇప్పించినట్టే. "పాపం దిక్కులేక వచ్చాడు, అందుకే అలా చేశాడు" అనే వాదన ఇతని విషయంలో నిలబడదని నా అభిప్రాయం.

ఓడలో ఎన్నాళ్లు పట్టింది?

నాలుగు నెలల పైన. 1837 సెప్టెంబరులో గ్రీనాక్ రేవులో మినర్వా అనే ఓడ ఎక్కితే 1838 జనవరిలో సిడ్నీ చేరాడు. దారిలో ఓడలో టైఫస్ జ్వరం పట్టుకుంది, కొందరు చనిపోయారు, సిడ్నీ చేరాక కూడా ఊళ్లోకి రానివ్వకుండా ఓడని క్వారంటైన్‌లో పెట్టారు. కోవిడ్ రోజుల్లో ఇక్కడ దిగి రెండు వారాలు హోటల్ గదిలో ఉన్న మనవాళ్లకి ఆ టెన్షన్ కొంచెం అర్థమవుతుంది.

మన మన్రో, మెకంజీ కూడా స్కాట్లండ్ వాళ్లేగా? వాళ్లకీ ఇతనికీ తేడా ఏంటి?

మంచి ప్రశ్న, మా మావయ్య అడిగేదాకా నేనూ ఆలోచించలేదు. కైఫియత్తులు సేకరించిన కల్నల్ కాలిన్ మెకంజీది స్కైకి ఉత్తరాన ఉన్న లూయిస్ దీవి, దాదాపు పక్కింటివాడే. సీడెడ్ జిల్లాలకి 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఉండి, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రోది గ్లాస్గో.

తేడా ఎక్కడంటే, కంపెనీకి మన రైతు కావాలి. రైతు దున్నాలి, పండించాలి, శిస్తు కట్టాలి. రైతు లేకపోతే దొరకి జీతం లేదు. అందుకే దోచుకున్నా నేల మీద మనిషిని ఉంచారు. గిప్స్‌లాండ్‌కి వచ్చినవాడికి అక్కడి మనిషితో పని లేదు, అతనికి కావాల్సింది గడ్డి. ఆ గడ్డి మీద కంగారూని వేటాడుకునే మనిషి అతని లెక్కలో అడ్డం. మన్రో పదవిలో ఉండి చనిపోయాడు గానీ ఇక్కడ స్థిరపడి పిల్లలకి పొలాలు పంచే ఉద్దేశంతో రాలేదు, మెక్‌మిలన్ వచ్చిందే అందుకు.

## కొండలు దాటిన రోజులు

వచ్చీ రాగానే అంత భూమి ఎలా దొరికింది?

కొనలేదు. అప్పట్లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం సిడ్నీ చుట్టూ పంతొమ్మిది కౌంటీలు గీసి, ఆ గీత లోపలే భూమి అమ్ముతాం అంది. గీత బయటికి గొర్రెలూ పశువులూ వెళ్లిపోతూనే ఉన్నాయి, ఆపడం చేతకాక 1836లో ఏడాదికి పది పౌన్ల లైసెన్సు పెట్టారు. అది కట్టి ఎంత మేర మేపుకోగలిగితే అంత మేపుకోవచ్చు. అలా మేపుకునేవాళ్లని స్క్వాటర్లు అనేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే పోరంబోకు ఆక్రమించి తర్వాత పట్టా తెచ్చుకోవడం, కాకపోతే ఇక్కడ పోరంబోకు అనుకున్నది వేరేవాళ్ల ఇల్లు.

మెక్‌మిలన్ మొదట కామ్‌డెన్‌లో, 1839 నుంచి మొనారో ఎత్తు భూముల్లోని కురవాంగ్‌లో మెకాలిస్టర్ పశువులు చూశాడు. ఆ రోజుల్లో మొనారో అంతా ఎండిపోయి మేత లేదు. "దక్షిణాన సముద్రం వైపు పచ్చటి మైదానాలున్నాయి" అని అక్కడి ఆదివాసులు చెప్పారు. యజమానికి కొత్త మేత భూములు వెతికిపెట్టడం కోసమే బయల్దేరాడు. సాహసయాత్ర అని బళ్లో చెప్పేది నిజానికి ఒక మేనేజర్ డ్యూటీ.

గిప్స్‌లాండ్‌ని కనిపెట్టింది ఇతనేనా?

"కనిపెట్టడం" అనే మాట దగ్గరే నాకు పేచీ. అక్కడ పచ్చిక ఉందని చెప్పింది మొనారో ఆదివాసులు. 1839 మే 28న బయల్దేరినప్పుడు వెంట ఉన్నది ఒకే ఒక్కడు, జిమ్మీ గిబ్బర్ అనే ఆదివాసి. కొండ మీదికెక్కి దూరంగా సముద్రం, సరస్సులు చూసి వెనక్కొచ్చారు. దారిలో ఇప్పటి ఎన్సే దగ్గర నంబ్లా మంజీ అనే చోట మెకాలిస్టర్‌కి ఒక స్టేషన్ పెట్టాడు. 1840 జనవరిలో రెండోసారి వెళ్లినప్పుడు కూడా తోడు ఇద్దరు ఆదివాసులున్నారు, కాబన్ జానీ, బాయ్ ఫ్రైడే అనేవాళ్లు (ఆ పేర్లూ తెల్లవాళ్లు పెట్టినవే, వాళ్ల అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఎవరూ రాసుకోలేదు). ఆ ప్రయాణంలోనే నికల్సన్, మిచెల్, ఏవన్, మెకాలిస్టర్ అని వరసపెట్టి నదులకి పేర్లు పెట్టాడు. యజమాని పేరు ఒక నదికి పెట్టడం గమనించండి, ఇంక్రిమెంట్ అడగబోయే గుమాస్తా గుర్తొస్తాడు.

సముద్రపు రేవు దాకా దారి దొరకడానికి ఇంకో ఏడాది పట్టింది. 1841 ఫిబ్రవరి 14న పోర్ట్ ఆల్బర్ట్ చేరాడు. పశువులు తోలే దారి వేసింది అతనే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దాన్ని నేల కనిపెట్టడం అనడం కుదరదు.

దారి చూపించినవాడే ఇతన్ని చంపబోయాడట, నిజమేనా?

మెక్‌మిలన్ స్వయంగా చెప్పిన కథ అది. కొన్ని రోజులు నడిచాక గిబ్బర్ వెనక్కి పోదామని మొండికేశాడు. ఒకరాత్రి మెక్‌మిలన్ కళ్లు తెరిచేసరికి గిబ్బర్ దుడ్డుకర్ర ఎత్తి మీద నిలబడి ఉన్నాడట, ఇతను పిస్తోలు చూపించేసరికి దించేశాడట. గిబ్బర్ వైపు మాట మనకి లేదు. కానీ అతను ఎందుకు భయపడ్డాడో ఊహించడం కష్టం కాదు. కొండకి అవతల ఉన్నది వేరే జనం, వాళ్లకీ మొనారో వాళ్లకీ పాత పగలున్నాయి, అనుమతి లేకుండా వాళ్ల నేల మీద అడుగుపెడితే ప్రాణం పోతుంది. సరిహద్దు ఎక్కడుందో గిబ్బర్‌కి తెలుసు, మెక్‌మిలన్‌కి తెలియదు.

దారి వేసింది ఇతనైతే పేరు గిప్స్‌లాండ్ అని ఎందుకొచ్చింది?

మెక్‌మిలన్ పెట్టిన పేరు "కాలెడోనియా ఆస్ట్రాలిస్", అంటే దక్షిణ స్కాట్లండ్. ఇంటి బెంగ పెట్టిన పేరు. అతని వెనకాలే 1840లో పాల్ స్ట్రెలెట్స్కీ అనే పోలండ్ పెద్దమనిషి అటుగా వచ్చాడు. ఆస్ట్రేలియాలో ఎత్తైన శిఖరానికి కోషియస్కో అని పేరు పెట్టినాయనే. మెక్‌మిలన్ వేసిన జాడల మీదుగానే కొంత దూరం నడిచి, పడమటికి తిరిగి దట్టమైన అడవిలో ఇరుక్కుని, గుర్రాలు వదిలేసి, తిండి అయిపోయి వారాల తరబడి కోలా మాంసం తిని బతికి బయటపడ్డాడు. కోలాలు పట్టి పెట్టింది చార్లీ టారా అనే ఆదివాసి, అతను లేకపోతే అందరూ అక్కడే పోయేవాళ్లు.

స్ట్రెలెట్స్కీ నివేదిక రాసి గవర్నర్‌కి ఇచ్చాడు, గవర్నర్ జార్జ్ గిప్స్ పేరే ప్రాంతానికి పెట్టాడు. ఇంకేం, అదే నిలిచింది. దారి వేసినవాడు కాగితం రాయలేదు, కాగితం రాసినవాడు గెలిచాడు. ఎవరు ముందు అనే గొడవ మాత్రం దశాబ్దాలు నడిచింది.

అప్పటికి అక్కడ ఎవరూ లేరు కదా?

ఉన్నారు. గునైకుర్నై జనం, ఐదు తెగలు: బ్రబ్రలంగ్, బ్రటౌవలంగ్, బ్రయకౌలంగ్, క్రౌవటుంగలంగ్, టటుంగలంగ్. వేల ఏళ్లుగా అక్కడివాళ్లే. సరస్సుల్లో చేపలు, బెరడు పడవలు, వేటకి కంగారూలు. బోరున్ అనే పెలికన్ పక్షి నెత్తిన పడవ పెట్టుకుని కొండల మీంచి దిగుతూ టక్ టక్ మని శబ్దం వింటుంది, పోర్ట్ ఆల్బర్ట్ దగ్గర పడవ దించి చూస్తే అందులో టుక్ అనే బాతు ఉంటుంది, ఆ ఇద్దరే గునైకుర్నై అమ్మానాన్నలు అని వాళ్ల కథ. మెక్‌మిలన్ "కనిపెట్టిన" రేవూ ఆ కథలోని చోటూ ఒకటే.

ఇంకో సంగతి. పశువుల కోసమే పెంచినట్టున్న పచ్చిక మైదానాలు చూసి తెల్లవాళ్లు మురిసిపోయారు. అవి వాటంతటవే అలా లేవు. అదను చూసి గడ్డికి నిప్పు పెట్టి, లేత చిగురు రప్పించి, కంగారూల్ని దగ్గరకి లాగే పద్ధతి ఆదివాసులది. వాళ్లు సాగుచేసిన నేలనే ఖాళీ నేల అన్నారు.

## స్టేషన్ మీద బతుకు

రోజూ ఏం తినేవాళ్లు, ఎక్కడ పడుకునేవాళ్లు?

చీల్చిన దుంగలు నిలబెట్టి గోడ, చెట్టు బెరడు పరిచి కప్పు, మట్టి నేల. గోధుమపిండి ఉప్పూ నీళ్లూ పోసి పిసికి నిప్పుల బూడిదలో కప్పి కాల్చిన డ్యాంపర్ అనే మందపాటి రొట్టె, ఉప్పు పట్టించిన గొడ్డుమాంసం, పంచదార వేసిన డికాషన్ లాంటి టీ. పొద్దున అదే, రాత్రీ అదే. పిండీ టీ ఆకూ ఎడ్లబండి మీద రావాలి, దారులు బురదైతే వారాలు ఆలస్యం. పనివాళ్లలో చాలామంది శిక్ష పడి ఇంగ్లండ్, ఐర్లండ్ నుంచి వచ్చిన ఖైదీలు, లేదా శిక్ష అయిపోయినవాళ్లు. కొండ ప్రాంతాల స్కాట్లండ్ వాళ్లయితే తమలో తాము గేలిక్‌లోనే మాట్లాడుకునేవాళ్లు, ఇంగ్లిష్ వాళ్లకి రెండో భాష. ఇది చాలామందికి తెలియదు.

మేపుకుంటే డబ్బు ఎలా వచ్చింది?

పశువుల్ని పోర్ట్ ఆల్బర్ట్ దాకా తోలి ఓడల్లో టాస్మేనియా పంపేవాళ్లు, అప్పటి పేరు వాన్ డీమెన్స్ లాండ్. అక్కడ ఖైదీలకీ సైనికులకీ మాంసం కావాలి. అందుకే కొండల దారి కంటే రేవు దారి అంత ముఖ్యం అయింది. 1840ల మొదట్లో వలస రాజ్యమంతా మాంద్యం వచ్చి పశువుల ధరలు పడిపోయినప్పుడు గిప్స్‌లాండ్‌లో కొందరు ఈ టాస్మేనియా బేరంతోనే గట్టెక్కారు. 1847లో స్క్వాటర్లకి లీజులు వచ్చాయి, ఆక్రమణకి కాగితం దొరికింది.

## ఎవరూ మాట్లాడని ఏళ్లు

వారిగల్ క్రీక్‌లో ఏం జరిగింది?

1843లో పోర్ట్ ఆల్బర్ట్ దగ్గర లాక్లన్ మెకాలిస్టర్ బంధువు రోనాల్డ్ మెకాలిస్టర్‌ని ఆదివాసులు చంపారు. దానికి ముందు తెల్లవాళ్లే ఆదివాసులని చంపారని, ఇది బదులు అని ఒక కథనం. ఆ వెంటనే ఇరవై మంది దాకా గుర్రాల మీద తుపాకులతో బయల్దేరారు. "హైలాండ్ బ్రిగేడ్" అని తమకి తామే పేరు పెట్టుకున్నారు. వారిగల్ వాగు మడుగు చుట్టూ బస చేసిన బ్రటౌవలంగ్ జనాన్ని చుట్టుముట్టి కాల్చారు. మడుగులో దూకినవాళ్లని తల పైకెత్తగానే కాల్చారని చెబుతారు. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. చనిపోయినవాళ్లు 60 అని కొందరు, 150 పైన అని కొందరు లెక్క కట్టారు. ఆ చోటు ఇప్పుడు పొలం.

ఇదొక్కటే కాదు. బోనీ పాయింట్, బుచర్స్ క్రీక్, స్కల్ క్రీక్... పేర్లు చూడండి, ఎముకల మలుపు, కసాయి వాగు, పుర్రెల వాగు. మ్యాప్‌లో మామూలు పేర్లలా ఉంటాయి.

అతనే చంపాడని రుజువుందా?

వారిగల్ క్రీక్‌లో మెక్‌మిలన్ ముందుండి నడిపించాడని చాలామంది చరిత్రకారులు అంటారు. అతని చేతిరాత ఒప్పుకోలు, కోర్టు తీర్పు, పోలీసు రిపోర్టు లేవు. ఆ గుంపు మెకాలిస్టర్ మనుషులూ చుట్టుపక్కల స్కాట్లండ్ వాళ్లూ కలిసినది, అందులో మెక్‌మిలన్ కంటే పెద్ద తలకాయ ఆ చుట్టుపక్కల లేదు. 1840లో తన మనుషులకీ ఆదివాసులకీ కాల్పులు జరిగాయని అతనే ఒప్పుకున్నాడు. నా మటుకు నాకు, "రుజువు లేదు" అనే మాట కంటే "రుజువు ఎందుకు మిగల్లేదు" అనేది పెద్ద ప్రశ్న.

మరి కేసు ఎందుకు పెట్టలేదు?

కారణం మయాల్ క్రీక్. 1838 జూన్‌లో న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన తెల్లవాళ్ల పశువుల కాపరులు 28 మంది ఆదివాసులని చంపారు. గవర్నర్ గిప్స్ కాలంలోనే కేసు నడిచి డిసెంబరులో ఆ కాపరుల్లో ఏడుగురిని ఉరి తీశారు. వలసదారులు నివ్వెరపోయారు. వాళ్లు నేర్చుకున్న పాఠం చంపకూడదని కాదు, నోరు విప్పకూడదని. ఆ మాట రాసిపెట్టి ఎవరూ అనలేదు గానీ తర్వాతి ఏళ్లు అలాగే నడిచాయి.

దానికి రెండు సౌకర్యాలు కలిసొచ్చాయి. బైబిలు మీద ప్రమాణం చెయ్యలేరు కాబట్టి ఆదివాసుల సాక్ష్యం కోర్టులో చెల్లదు. గిప్స్‌లాండ్‌కి ప్రభుత్వ కమిషనర్‌గా చార్ల్స్ టయర్స్ వచ్చిందే 1844లో, అప్పటిదాకా అక్కడ అధికారి అనేవాడే లేడు. ఆ మౌనంలోంచి బయటికొచ్చిన గొంతు హెన్రీ మేరిక్ అనే కుర్ర స్క్వాటర్‌ది. 1846లో ఇంగ్లండ్‌లో ఉన్న ఇంటివాళ్లకి ఉత్తరం రాస్తూ, అడవి మృగాన్ని కూడా ఇంత పట్టుదలగా ఎవరూ వేటాడలేదని, కనీసం 450 మందిని చంపేశారని చెప్పాడు. ఇంటికి రాసిన ఉత్తరం కాబట్టి రాయగలిగాడు.

ఆదివాసులు ఎత్తుకుపోయిన తెల్లమ్మాయి కథ ఏంటి?

1840 చివర్లో సిడ్నీ పేపర్లో మెక్‌మిలన్ ఉత్తరం ఒకటి పడింది. ఆదివాసుల బస ఒకటి చూశామని, వాళ్లు పారిపోతూ ఒక ఆడమనిషిని ముందు తోలుకుపోయారని, ఆమె తెల్లమనిషిలా ఉందని. అంతే, ఊరూవాడా అదే కథ. 1846లో మెల్‌బోర్న్‌లో చందాలు వేసి వెతకడానికి బృందాన్ని పంపారు. ఆమె చదువుకుంటుందని చేతిరుమాళ్ల మీద సందేశం అచ్చు వేసి అడవిలో వదిలారు, ఇంగ్లిష్‌లో ఒకటి, గేలిక్‌లో ఒకటి, ఎందుకంటే స్కాట్లండ్ అమ్మాయి అయ్యుంటుందని నమ్మకం. చివరికి దొరికింది ఓడ ముక్కుకి తగిలించే చెక్క బొమ్మ.

నవ్వొచ్చే కథే గానీ ఫలితం నవ్వొచ్చేది కాదు. ఆమెని దాచాడన్న అనుమానంతో బంగలీన్ అనే ఆదివాసి పెద్దని పట్టుకెళ్లి కుటుంబంతో సహా నిర్బంధించారు, ఇంటికి దూరంగానే 1848లో చనిపోయాడు. "మన ఆడపిల్లని విడిపించాలి" అనే సాకుతో ఎన్ని తుపాకులు అడవిలోకి వెళ్లాయో.

ఆ కాలంలో అందరూ అలాగే ఉండేవాళ్లు కదా, ఇప్పటి కళ్లతో చూడటం తప్పు కాదా?

ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, అడిగేవాళ్లు కూడా మంచి మనసుతోనే అడుగుతారు. జవాబు చిన్నది. హెన్రీ మేరిక్ ఆ కాలంవాడే, స్క్వాటరే, అతనికి తప్పనిపించింది. ఊచకోతకి ఉరిశిక్ష వేసిన జడ్జీలు ఆ కాలంవాళ్లే. చట్టం దృష్టిలో అది అప్పుడు కూడా హత్యే, అందుకే దాచారు.

## చివరి రోజులు

ఎమ్మెల్యే అయినవాడు అప్పుల్లో ఎందుకు పోయాడు?

1857లో క్రిస్టీనా మెక్‌డూగల్డ్‌ని పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు కొడుకులు. 1859లో సౌత్ గిప్స్‌లాండ్ నుంచి విక్టోరియా అసెంబ్లీకి ఎన్నికై మరుసటి ఏడాదే దిగిపోయాడు. కొండ ప్రాంతాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి ఇంట్లో భోజనం, పని, చేబదులు ఇచ్చేవాడని పేరు. చెయ్యి పెద్దది, లెక్క చిన్నది. 1860ల మొదట్లో బుషీ పార్క్ అప్పులవాళ్ల చేతికి పోయింది.

విచిత్రం ఏంటంటే, ఆ రోజుల్లోనే ఆదివాసుల సంరక్షణ కోసం 1860లో పెట్టిన బోర్డుకి స్థానిక గౌరవ ప్రతినిధిగా దుప్పట్లూ పిండీ పంచాడు. పశ్చాత్తాపమా, పెద్దరికమా, అలవాటా? అతను చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఎలా చనిపోయాడు?

పని మీదే. 1864లో ప్రభుత్వం అతన్ని కొండల్లో బంగారు గనులకి బాటలు వెయ్యడానికి పెట్టుకుంది, అంటే యాభై దాటాక మళ్లీ జీతానికి దారులు వెతకడం. ఆ పని చివర్లో గుర్రం అతని మీద పడి దెబ్బ తగిలింది. కిందికి దిగి వస్తూ ఇగ్వానా క్రీక్ దగ్గర 1865 మే 18న పోయాడు, వయసు 54. సమాధి సేల్ పట్టణంలో ఉంది.

## ఇప్పటి సంగతులు

నియోజకవర్గానికి అతని పేరు తీసేశారట?

అవును. వారగల్ వైపు ఉన్న పార్లమెంటు నియోజకవర్గం పేరు మెక్‌మిలన్ అని ఉండేది. 2018లో హద్దులు మార్చినప్పుడు మొనాష్ అని మార్చారు, 2019 ఎన్నిక కొత్త పేరుతో జరిగింది. గునైకుర్నై వాళ్లూ ఇంకా చాలామందీ ఏళ్ల తరబడి అడిగితే జరిగింది. రోడ్డు పక్క స్తూపాలు మాత్రం ఉన్నాయి, అవి 1920లలో కట్టినవి. తీసేయాలా, పక్కన ఇంకో పలక పెట్టాలా అని స్థానికంగా గొడవ నడిచింది. నన్నడిగితే ఉంచి రెండో కథ కూడా రాయాలంటాను, మా ఆవిడ తీసేయాలంటుంది, కారులో ఈ వాదన మోర్వెల్ దాకా సాగుతుంది.

వారగల్‌కీ వరంగల్‌కీ ఏమన్నా సంబంధం ఉందా?

లేదు! బోర్డు చూసి ఉత్సాహపడని తెలుగువాడిని నేను చూడలేదు, ఒకాయన కారాపించి సెల్ఫీ కూడా దిగాడు. మనది ఓరుగల్లు నుంచి వచ్చింది. ఇక్కడిది అడవి, మచ్చికకాని అనే అర్థమున్న ఆదివాసి మాట, అడవికుక్కని కూడా అలా అంటారు. వలసదారులు తమకి లొంగని ఆదివాసుల్ని కూడా ఇదే మాటతో పిలిచారు.

గునైకుర్నై వాళ్లు ఇప్పుడు ఉన్నారా?

ఉన్నారు, "అంతరించిపోయారు" అని రాయకండి దయచేసి. బతికి బయటపడ్డవాళ్లని 1861లో లేక్ టయర్స్, తర్వాత రామహ్యుక్ మిషన్లలోకి చేర్చారు, అక్కడ భాష, ఆచారాల మీద ఆంక్షలు. లేక్ టయర్స్ భూమి 1971లో అక్కడివాళ్ల చేతికే తిరిగొచ్చింది. 2010 అక్టోబరు 22న ఫెడరల్ కోర్టు గిప్స్‌లాండ్‌లో చాలా భాగం మీద వాళ్ల నేటివ్ టైటిల్‌ని, అంటే తరతరాలుగా ఆ నేల మీద ఉన్న హక్కుని, గుర్తించింది. మెక్‌మిలన్ వెళ్లిన 170 ఏళ్లకి.

మేం వస్తున్నాం, ఒక్కరోజులో ఏం చూడొచ్చు?

మెల్‌బోర్న్ నుంచి పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరండి. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఏవన్ నది ఒడ్డున నాబ్ రిజర్వ్ ఉంది, అక్కడి ఇసుకరాయి మీద గునైకుర్నై వాళ్లు రాతి గొడ్డళ్లు నూరిన గాడులు ఇప్పటికీ కనిపిస్తాయి, వేలు పెట్టి చూస్తే నున్నగా తగులుతాయి. పులిహోర పొట్లాలు విప్పడానికి చెట్ల కింద మంచి నీడ. తర్వాత బెయిర్న్స్‌డేల్‌లో ఆదివాసుల మ్యూజియం క్రౌవతుంకూలంగ్ కీపింగ్ ప్లేస్, తెరిచే వేళలు ముందే చూసుకోండి. ఓపికుంటే మిచెల్ నది పార్కులో డెన్ ఆఫ్ నార్గన్ అనే గుహ దాకా నడవొచ్చు, మెట్లు బాగా ఉన్నాయి గనక మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైనే కూర్చోబెట్టండి. అది గునైకుర్నై ఆడవాళ్లకి ముఖ్యమైన చోటు, గుహ లోపలికి వెళ్లొద్దని బోర్డు పెట్టారు. బయట నుంచే ఫొటో తీసుకుని వచ్చేయండి.